ఆమె ఏం పని చేసేదంటే

ముప్ఫై ఏళ్ళు దాటింది, నేనొక మాట మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు. ఫోనులో చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అందులో అబద్ధం కూడా లేదు. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు బయటపడి, నాలుగు తిట్లు తిని ఒడ్డున పడేవాణ్ణి. నిజం చెప్పి ఒక మనిషి బతుకు కూలదోసినవాడికి ఆ వెసులుబాటు లేదు. వాణ్ణి ఎవరూ పట్టుకోరు. ఎవరూ నిలదీయరు. వాడి బరువు వాడే మోసుకోవాలి.

ఇన్నాళ్ళూ మోశాను. ఇంకొన్నాళ్ళు మోసి, దాంతోపాటే కాలిపోదామనుకున్నాను. కానీ పోయిన నెల విమల ఫోన్ చేసింది.

విమల అన్నది ఆమె అసలు పేరు కాదు. మిగతా పేర్లూ మార్చాను. నా పేరు ఎలాగూ చెప్పను. అంత ధైర్యముంటే ఇదంతా ఎందుకు?

"సలోటె ఖతం హోయ్ గయిస్, భయ్యా" అంది. సలోటె చనిపోయిందని. మేమంతా ఇక్కడ మాట్లాడుకునేది ఫిజీ హిందీయే. తర్వాత కాసేపు ఏడ్చి, "ఆ రోజు నువ్వు మధ్యలో కూర్చుని మా ఇద్దర్నీ కలిపావు భయ్యా. లేకపోతే దాన్ని క్షమించకుండానే పంపేదాన్ని. అదొక్కటే నాకు ఊరట" అంది.

నేను ఏమన్నానో తెలుసా? "అంతా దేవుడి దయ" అన్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళవాణ్ణి, దేవుణ్ణి కూడా వదల్లేదు.

ఫోన్ పెట్టేశాక కాగితం తీశాను. తెలుగులో రాయడం మొదలుపెట్టాను. మా తాత కుర్రవాడిగా ఓడ దిగి, చెరకు కోసి కోసి వేళ్ళు వంకర పోయినా, ఆ వేళ్ళతోనే నాకు అక్షరాలు దిద్దించాడు. మా దక్షిణాదివాళ్ళ సంఘం బీరువాలో ఉన్న తెలుగు పుస్తకాలన్నీ చదివించాడు. ఇప్పుడు ఈ దీవుల్లో ఈ అక్షరాలు చదవగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు? మా ఇంట్లో నేనొక్కణ్ణే. విమలకి తెలుగంటే పూజలో పాడే నాలుగు పాటలు, వాళ్ళమ్మ తిట్టిన తిట్లు. మీకు చదవడం వచ్చు. మీరు నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

నేను పనిచేసింది చెరకు పొలాల మట్టి పరీక్షించే ప్రభుత్వ ల్యాబులో. ఫిజీలో పెద్ద దీవి వీతీ లేవు, దాని పడమటి వైపు ఎక్కడో ఉందనుకోండి. రైతులు కాగితం సంచుల్లో మట్టి పంపేవారు. దాన్ని ఆరబెట్టి, జల్లించి, అందులో ఏముందో, ఏ ఎరువు ఎంత వెయ్యాలో చెప్పడం మా పని. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నేను రాజధాని సువాలో బీఎస్సీ పూర్తిచేసి అందులో చేరాను. కొన్నేళ్ళకి తెల్ల దొర వెళ్ళిపోతూ తాళాలు నా చేతిలో పెట్టాడు. మా వాళ్ళలో ఒకడు ల్యాబుకి పెద్ద కావడం అదే మొదలు. మా అమ్మ ఆ తాళాలగుత్తికి పసుపు కుంకుమ పెట్టింది. ఆ మధ్యాహ్నం నాకున్న గర్వం ఎలాంటిదో చెబితే మిగతాది మీకు సులువుగా అర్థమవుతుంది. ఆ కుర్చీ తప్ప నాకు వేరే ఏమీ లేదు.

విమల వచ్చింది ఎనభై ఐదులో. పక్క దీవిలో, లంబాసా దగ్గర వునిమోలిలో చెరకు రైతు కూతురు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఆక్లాండ్ వెళ్ళి, ఎమ్మెస్సీ చేసి, మట్టి రసాయన శాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకుంది. చదివించినందుకు తిరిగొచ్చి దేశానికి ఇన్నేళ్ళు పని చెయ్యాలని బాండు ఉండేది. అక్కడే ఉండిపొమ్మని ప్రొఫెసర్లు చెప్పినా వినకుండా, మాట ప్రకారం వచ్చేసింది. మాట నిలబెట్టుకునే రకం. అది ముందే చెప్పాలి, ఎందుకంటే ఆమె మీద తర్వాత పడ్డ మచ్చ సరిగ్గా దానిమీదే పడింది.

వచ్చేసరికి కెమిస్టు పోస్టు ఖాళీ లేదు. టెక్నికల్ అసిస్టెంట్‌గా రిజిస్టర్లో ఎక్కించి, పని మాత్రం సాయిల్ కెమిస్టుది అప్పగించారు. మా ఆఫీసుల్లో దీన్ని యాక్టింగ్ అంటారు. సగం ఫిజీ యాక్టింగే. ఒక మనిషి పదేళ్ళు ఒక కుర్చీ పని చేస్తాడు, రిజిస్టర్లో మాత్రం కింది కుర్చీలోనే ఉంటాడు. పోస్టు ఖాళీ అయ్యాక పై అధికారి కన్ఫర్మేషన్ ఫారం మీద సంతకం పెట్టి సువాకి పంపితేనే అది అతనిదవుతుంది. పంపకపోతే అడిగే దిక్కుండదు. అడిగితే, "చూద్దాం, పై నుంచి రావాలి" అంటే సరిపోతుంది. పై నుంచి అంటే ఎవరు? చాలాసార్లు అలా అన్నవాడే.

ఆమె పనిమంతురాలు అంటే చాలదు. వునిమోలి వైపు ఎర్రమట్టిలో ఎంత ఎరువు పోసినా చెరకు ఎందుకు ఎదగడం లేదో కనిపెట్టింది ఆమె. ఆ మట్టి ఎరువుని పట్టేసుకుని పంటకి వదలదు. ఎలా వేస్తే వదులుతుందో కూడా చెప్పింది. ఆరు నెలలు పొలాలు తిరిగి, కాళ్ళకి ఎర్ర బురదతో ల్యాబుకొచ్చి, నలభై పేజీల రిపోర్టు రాసింది. యాక్టింగ్‌లో ఉన్నవాళ్ళ రిపోర్టు పై అధికారి సంతకంతో వెళ్ళాలి. వెళ్ళింది. సువా నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది, నాకు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, అలా నా పేరు నిలబడింది. నేను ఆ ఉత్తరం ఆమెకి చూపించాను. ఆమె సంతోషపడింది. "మన ల్యాబుకి మంచి పేరొచ్చింది భయ్యా" అంది. నాకు ఆ "మన" కూడా గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుంది? అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, ఆమె పంచుకున్నదాన్ని నేను పంచుకోలేదు.

ఎనభై ఏడులో ఫిజియన్ సైన్యం పార్లమెంటులోకి వచ్చి, మా భారతీయులు ఎక్కువగా ఉన్న ప్రభుత్వాన్ని దించేసింది. ఇక్కడ అందరం దాన్ని కూ అనే అంటాం. ఆ తర్వాత మా వాళ్ళు వెళ్ళిపోవడం మొదలైంది. డాక్టర్లు, టీచర్లు, అకౌంటెంట్లు, వడ్రంగులు. వారానికొక వీడ్కోలు విందు. ల్యాబులో ఇద్దరు కెమిస్టులు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. అంటే పోస్టులు ఖాళీ అయ్యాయి. విమల కన్ఫర్మేషన్ ఫారం సువా నుంచి నా బల్ల మీదికి వచ్చింది. నా సంతకం ఒక్కటే తక్కువ.

అది సొరుగులో పెట్టాను.

ఎందుకు? అప్పుడు నాకు నేను చెప్పుకున్నది వేరు. దేశం తగలబడుతుంటే ఫారాలేంటి, కాస్త సద్దుమణగనీ అనుకున్నాను. కొన్నాళ్ళు బద్ధకం అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఆ ఫారం వెళ్ళిన మర్నాటి నుంచి ఆమె రిపోర్టులు ఆమె పేరుతోనే వెళతాయి. అప్పుడు నా పేరుతో వెళ్ళడానికి ఏముంటుంది? సంచుల లెక్క, డిస్టిల్డ్ వాటర్ ఇండెంటు. రెండేళ్ళు ఆ ఫారం నా సొరుగులో కత్తెర కింద పడి ఉంది. ఆమె రెండుసార్లు అడిగింది. "చూద్దాం, పై నుంచి రావాలి" అన్నాను.

ఆమె బాండు తీరింది. అప్పటికి బయటి దేశాలు వలసకి పాయింట్ల లెక్క పెట్టాయి. వయసుకి ఇన్ని, చదువుకి ఇన్ని, అనుభవానికి ఇన్ని. తమ యూనివర్సిటీల్లో సైన్సు, ఇంజినీరింగుల్లో పై డిగ్రీలు తెచ్చుకున్న విదేశీయులకి వేరే వరస, దగ్గరి దారి. ఒకటే షరతు: డిగ్రీ తర్వాత చేసిన ఉద్యోగం ఆ డిగ్రీకి తగ్గదై ఉండాలి. నాలాంటి ఉత్త బీఎస్సీలకి పెద్ద వరస, చుట్టుదారి.

మేమిద్దరం ఆమె చదివిన దేశానికే, ఒకే వారం ఫారాలు నింపాం. అవును, నేనూ పెట్టుకున్నాను. ల్యాబులో మట్టి ఆరబెట్టే ఓవెన్ పక్కన బల్ల మీద, మధ్యాహ్నం భోజనాల వేళ. ఆ ఫారాల సంగతి అందరికంటే నాకే బాగా తెలుసని ఆమె నమ్మకం. ఉద్యోగ హోదా అన్న గడి దగ్గర కలం ఆపింది.

"అసిస్టెంట్ అని రాయనా భయ్యా? రిజిస్టర్లో అదే కదా."

"చేస్తున్న పని రాయి. సాయిల్ కెమిస్ట్ అని రాయి. కన్ఫర్మేషన్ ఫారం నా దగ్గరికి వచ్చింది. సోమవారం సంతకం పెట్టి పంపేస్తాను."

ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. ఇది నమ్మండి, నమ్మకపోయినా మీ ఇష్టం. ఇద్దరం వెళ్ళిపోతున్నాం కదా, ఇంక ఈ కుర్చీ ఎవరిక్కావాలి అనుకున్నాను. ఆమె రాసింది. నేను సాక్షి సంతకం కూడా పెట్టాను. సోమవారం వచ్చింది. పోయింది. మళ్ళీ సోమవారం వచ్చింది. ఫారం వెళ్ళిపోయిందనే ఆమె అనుకుంది, నేను కాదనలేదు.

నా జవాబు ముందొచ్చింది. పల్చటి కవరు. పోస్టాఫీసులో పెట్టె తాళం తీసి చేత్తో పట్టుకోగానే తెలిసిపోయింది. వయసు దాటిపోయింది, చదువు చాలదు. నలభై ఐదేళ్ళకి నా విలువ ఎంతో సముద్రం అవతల ఎవరో కూడిక వేసి చెప్పారు. మా ఆవిడ కవరు చూసింది. అప్పటికే కట్టి ఉంచిన రెండు పెట్టెల్లోంచి దుప్పట్లు తీసి మళ్ళీ మంచాల మీద పరిచింది. మర్నాడు ల్యాబులో సంగతి విని విమల నా చెయ్యి పట్టుకుంది. "నేను వెళ్ళాక నీకు ఏదో దారి చూస్తాను భయ్యా" అంది. జాలిపడింది. నా దగ్గర పనిచేసే పిల్ల నా మీద జాలిపడింది. ఆమె మంచితనాన్ని నేను అలా చదువుకున్నాను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చాలు, నేను ఎలాంటివాణ్ణో ఆ ఒక్కటి చాలు.

మూడు వారాలకి ఫోనొచ్చింది.

పొద్దున పది గంటలు. ఓవెన్లో మట్టి వేగుతున్న వాసన. ఆ దేశపు వలస ఆఫీసు నుంచి ఒకావిడ. చాలా మర్యాదగా మాట్లాడింది. ఇంగ్లీషులో జరిగిన ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మీ దగ్గర డాక్టర్ విమల పనిచేస్తున్నారా?"

"పనిచేస్తోంది."

"ఆమె ఏం పని చేస్తారు?"

నా గదికి అద్దం కిటికీ ఉండేది. అందులోంచి ఆమె కనిపిస్తోంది. పాడైపోయిన మీటరు విప్పి బల్ల మీద పరిచి, చుట్టూ నిలబడ్డ టెక్నీషియన్లకి ఏదో చూపిస్తోంది. స్క్రూడ్రైవరు జడలో దోపుకుంది. వాళ్ళు నవ్వుతున్నారు. ఏం పని చేస్తుంది? చూసింది చూసినట్టు చెబితే చాలు. నేను చెప్పలేదు.

"రిజిస్టరు ప్రకారం టెక్నికల్ అసిస్టెంట్."

"ఫారంలో సాయిల్ కెమిస్ట్ అని ఉంది."

"ఆ పోస్టులో ఆమె లేరు."

అవతల కాసేపు కలం గీసిన చప్పుడు. తర్వాత ఆవిడ మళ్ళీ అడిగింది. దయగల మనిషే అయి ఉండాలి, నాకు రెండో అవకాశం ఇచ్చింది. "పోస్టు సంగతి వదిలేయండి. ఆ పని ఆమె చేస్తారా, చేయరా?"

"రిజిస్టర్లో ఉన్నది మాత్రమే నేను చెప్పగలను మేడమ్."

"సరే. చాలా సాయం చేశారు."

అంతే. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే. రక్తం లేదు, కేక లేదు, చేతికి మరక లేదు. రిజిస్టర్లో ఉన్నదే చెప్పాను. ఏ కోర్టులో నిలబెట్టినా అదే చెబుతాను. కానీ రిజిస్టర్లో అలా ఎందుకుంది? నా మోకాలికి ఆనుకుని ఉన్న సొరుగులో రెండేళ్ళుగా ఒక ఫారం ఉంది కనుక. నేను చెప్పింది నిజం. దాన్ని నిజంగా ఉంచింది నేను. ఆ రెండో వాక్యం ఎవరికీ తెలియదు. ఇవాళ మీకు తెలిసింది.

ఆ రోజు నేనేమనుకున్నానో కూడా చెప్పాలి. ఆమె వెళితే ల్యాబు మూతపడుతుంది అనుకున్నాను. చెరకు రైతులు ఏమైపోతారు అనుకున్నాను. చదువుకున్నవాళ్ళంతా వెళ్ళిపోతే దేశం ఏం గాను అని, నేనే పెట్టెలు కట్టుకుని కూర్చున్నవాణ్ణి, దేశం గురించి బాధపడ్డాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్ళు తెరుచుకునే తాగి, మూతి తుడుచుకుని, అది పిల్లల పాలబువ్వ కోసమే అనుకున్నాను.

రెండు నెలల తర్వాత ఆమెకి ఉత్తరం వచ్చింది. నా గదిలోకి వచ్చి, నిలబడే చదివింది. ఉద్యోగం గురించి రాసింది వాస్తవం కాదని యాజమాన్యం ద్వారా తేలింది. తప్పుడు వివరాలు ఇచ్చినందుకు కొన్నేళ్ళపాటు మళ్ళీ దరఖాస్తు తీసుకోం. ఆమె ఏడవలేదు. కాగితం మడిచింది, మళ్ళీ విప్పింది.

"వద్దంటే వద్దన్నారు, పోనీ. నేను అబద్ధం చెప్పానని రాశారు భయ్యా. నా మీద. అబద్ధమని."

తర్వాత నా కళ్ళలోకి చూసి అడిగింది, "కోయీ ఇహా ఫోన్ కరిస్ రహా?" ఇక్కడికి ఎవరైనా ఫోన్ చేశారా అని.

"నై" అన్నాను.

ఆ ఫోన్ గురించి నేను ఆడిన అబద్ధం అదొక్కటే. ఒక్క అక్షరం. దానికి చెల్లించిన మనిషి ఇంకొకరు.

సలోటె మా ఆఫీసులో సిబ్బంది రిజిస్టర్లు రాసేది. రాకిరాకి దగ్గర ఊరి అమ్మాయి, ఈ దీవుల మూలవాసులైన ఫిజియన్ల పిల్ల. విమలా, ఆమే ఒకే టిఫిన్ డబ్బాలో తినేవారు. ఈమె రొట్టెలు ఆమెకి, ఆమె కొబ్బరిపాల చేప ఈమెకి. దరఖాస్తుకి జతచెయ్యడానికి విమలే అడిగితే సలోటె ఒక సర్వీసు సర్టిఫికెట్ ఇచ్చింది. సీలు వేసిన కవరులో, రూలు ప్రకారం, రిజిస్టర్లో ఉన్నట్టే. ఇంకెవరూ చెప్పకపోతే, చెప్పింది ఆ కాగితమే అయి ఉండాలి. విమల అలా అనుకోవడంలో వింతేముంది? నేనే ఫోన్ రాలేదన్నాను కదా.

ఆ రోజులు ఎలాంటివంటే, అనుమానానికి ఒంటి రంగు చాలు. "వాళ్ళమ్మాయి మన అమ్మాయిని ఎదగనిస్తుందా?" అన్నారు క్యాంటీనులో మా వాళ్ళు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. నేను అక్కడే కూర్చుని టీ తాగుతున్నాను. సైనికులు తుపాకులతో చేసిన పనికి ఒక గుమాస్తా పిల్లకి శిక్ష వేస్తుంటే, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. విమల సలోటెతో మాటలు మానేసింది. టిఫిన్ డబ్బాలు రెండయ్యాయి.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికే ఇదంతా రాశానేమో. ఇంతవరకు రాసింది నా నీచత్వం. ఇది దానికి జరిగిన సన్మానం.

ఫిజియన్లలో సోరో అనే ఆచారం ఉంది. తప్పు చేసినవాడు తన పెద్దని వెంటబెట్టుకుని, యంగోనా మొక్క వేళ్ళ కట్ట పట్టుకుని, దెబ్బతిన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి నేలమీద కూర్చుని తప్పు కాయమంటాడు. అవతలి పెద్ద ఆ కట్టని చేత్తో అందుకుంటే క్షమించినట్టు. ఆ తర్వాత ఆ సంగతి ఇంకెవరూ ఎత్తకూడదు. వేళ్ళు దంచి నీళ్ళలో కలిపి అందరూ ఒకే కొబ్బరిచిప్పతో తాగుతారు. మేమూ దాన్ని గ్రోగు అని సరదాకి తాగుతాం గానీ, దాని వెనకున్న మర్యాద వాళ్ళది.

సలోటె కబురు పంపింది, శనివారం వస్తానని. విమల నన్ను పిలిచింది. "మా నాన్న లేడు, అన్నదమ్ములు లేరు. నా తరఫున పెద్దగా నువ్వు కూర్చో భయ్యా" అంది.

కాదనొచ్చు. కడుపు నొప్పి అని ఇంట్లో పడుకోవచ్చు. వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? రాకపోతే అనుమానం వస్తుందేమో అన్న భయం ఒకటి. ఇంకొకటి కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది. పెద్దగా కూర్చోమంటే నాకు బాగుంది.

సలోటె మేనమామ లుంగీలాంటి సులు ఇస్త్రీ చేసి కట్టుకుని, న్యూస్‌పేపరులో చుట్టిన వేళ్ళ కట్టతో గుమ్మంలోనే చాప మీద కూర్చున్నాడు. తల ఎత్తలేదు. వాళ్ళ భాషలో నెమ్మదిగా మాట్లాడాడు. పొలాల్లో తిరిగినవాణ్ణి, నాకు ఆ భాష బాగానే తెలుసు. మా పిల్ల రాసిన కాగితం మీ పిల్ల దారికి అడ్డం పడింది, తెలిసి చేసినా తెలియక చేసినా దెబ్బ దెబ్బే, మా తల వంచాం, మీ మనసు కిందికి దించండి అన్నాడు. ఆయన వెనక సలోటె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తోంది. "నేను రిజిస్టర్లో ఉన్నదే రాశాను విమలా" అంది. "ఉన్నదే రాశాను. అయినా సారీ."

ఉన్నదే రాశాను. నేను ఫోనులో అన్న మాటే. ఆమె నోట్లో అది నిజం, పూర్తి నిజం, వెనక సొరుగు లేని నిజం. అంత నిజం చెప్పి కూడా ఆమె తల వంచుకుని కూర్చుంది. నేను తల ఎత్తుకుని కూర్చున్నాను.

కట్టని ముసలాయన ముందుకి జరిపాడు. అందరూ నా చేతుల వైపు చూశారు. నేను వంగి అందుకున్నాను. న్యూస్‌పేపరు చెమటకి మెత్తబడి ఉంది. నేర్చుకున్న మాటలు చెప్పాను: మీ మాట చేరింది, బరువు దిగిపోయింది, దారి శుభ్రమైంది. అరచేతులు గుల్లగా చేసి మూడుసార్లు చప్పట్లు కొట్టాను. విమల లేచి వెళ్ళి సలోటె మెడ చుట్టూ చేతులు వేసింది. ఇద్దరూ గట్టిగా ఏడ్చారు. గ్రోగు కలిపాక మొదటి చిప్ప నాకే ఇచ్చారు, మర్యాద కదా. తాగాను. చేదుగా మట్టి రుచి. నాలుక మొద్దుబారింది.

నా తప్పుకి క్షమాపణ అడిగించుకున్నాను. నేను అడగలేదు, నన్ను అడిగారు. ఇంతకంటే తలకిందులు వ్యవహారం మీరెక్కడైనా విన్నారా?

సోమవారం పొద్దున్నే సొరుగు తీసి ఫారం మీద సంతకం పెట్టాను. సువాకి పంపాను. నెలలో విమల సాయిల్ కెమిస్ట్ అయింది, ఎందుకూ పనికిరాని వేళకి. లకడీ మిఠాయి పొట్లం తెచ్చి నా బల్ల మీద పెట్టి, నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. "నువ్వు లేకపోతే ఇది కూడా వచ్చేది కాదు" అంది. ఎంత సరిగ్గా చెప్పిందో ఆమెకి తెలియదు.

సలోటె ఆ ఏడాదే బదిలీ అడిగి రాకిరాకి వైపు వెళ్ళిపోయింది. సోరో జరిగాక సంగతి ఎత్తకూడదు, ఎవరూ ఎత్తలేదు. కానీ టిఫిన్ డబ్బా మళ్ళీ ఒకటి కాలేదు. విమల మీద నిషేధం తీరేసరికి ఆమె వయసుకి వచ్చే పాయింట్లు తరిగిపోయాయి. ల్యాబు చిన్నదైంది. ఆమె వునిమోలి తిరిగి వెళ్ళి హైస్కూల్లో సైన్సు చెప్పింది. రైతులు ఇప్పటికీ బిస్కెట్ డబ్బాల్లో మట్టి తెచ్చి ఆమెకి చూపిస్తారట. చేత్తో నలిపి, వాసన చూసి చెబుతుందట, మీటరు లేదు కదా. నేను రిటైరైనప్పుడు సంఘం వాళ్ళు ఎర్రమట్టి రిపోర్టు గురించి పొగిడి శాలువా కప్పారు. ఆమె లంబాసా నుంచి విమానంలో వచ్చి, వేదిక మీద నా గురించి మాట్లాడింది.

చెప్పొచ్చు కదా అంటారు. ఎన్నిసార్లు అనుకున్నానో. దీపావళికి ఆమె ఫోన్ చేసిన ప్రతిసారీ నోటిదాకా వచ్చింది. చెబితే ఆమెకి ఏం మిగులుతుంది? పోయిన దారి రాదు. ఉన్న ఒక్క అన్నా పోతాడు. ఇలా అనుకుని ఊరుకున్నాను. ఇది కూడా రిజిస్టర్లో ఉన్నదే చెప్పడం లాంటిదే, పైకి నిజం, వెనక సొరుగు. అసలు భయం నా గురించే. ఆ "భయ్యా" అన్న పిలుపు పోతుందని. ఇప్పుడు సలోటె పోయింది. కట్ట తిరిగి ఇచ్చేద్దామన్నా అందుకోవడానికి మనిషి లేదు.

ఆమెకి రాని భాషలో ఆమెకి చేసిన ద్రోహం ఒప్పుకోవడం ఏం ఒప్పుకోలు? ఈ మాట రాస్తూ ఉండగానే నాకు తట్టింది. మళ్ళీ సొరుగులోనే పెడుతున్నాను, ఈసారి అక్షరాల సొరుగు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, ఆ హక్కు మీది కాదు. ఆమె క్షమిస్తుందో లేదో తెలియదు. అడిగే ధైర్యం ఇవాళ కూడా లేదు. కానీ ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆ ఫోన్ నా చెవిలో మోగుతున్నట్టు లేదు. ఇన్నాళ్ళూ అది మోగిందెందుకంటే, ఆ వలస ఆఫీసు ఆవిడ అడిగినదానికి ఇంతవరకు జవాబే చెప్పలేదు నేను. రెండుసార్లు అడిగింది పాపం. ఇప్పుడు చెబుతాను.

మేడమ్, ఆమె ఏం పని చేసేదంటే, ఈ ల్యాబులో ఉన్న పనంతా ఆమే చేసేది. నేను సంతకం పెట్టేవాణ్ణి.